తండ్రి పనిని దాచిన కుమార్తె

కుటుంబ పాఠము
చదువవలసిన భాగములు: ఆదికాండము 27వ అధ్యాయము, మత్తయి 13వ అధ్యాయము 53 మొదలు 58 వరకు.



ఈ మాసపు కుటుంబ పాఠమునకు ఒక టెలివిజను కథను తీసికొనుచున్నాము. సంఘపు పత్రికలో సీరియలు సంగతి ఏల అని కొందరు అడుగవచ్చును. మన ఇండ్లలో సాయంకాల ప్రార్థన ముగిసిన పిమ్మట, కొన్ని ఇండ్లలో ప్రార్థనకు ముందే, ఈ కథలు నడచుచున్నవి. పెద్దలు టెలివిజనులో చూచుచున్నారు; పిల్లలు ఫోనులో చూచుచున్నారు. చూడవద్దని చెప్పి ఊరకుండుట సులభము. చూచినదానిని గూర్చి ఇంటిల్లిపాది కూర్చుండి మాటలాడుకొనుట కొంచెము కష్టము, కాని అందువలన మేలు కలుగును. అట్టి సంభాషణకు సహాయముగా ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. కథయు, అది పుట్టిన దేశమును

ఈ కథ టర్కీ దేశములోనిది. ఆ భాషలో దీని పేరు ‘ఆదినీ ఫెరిహా కొయ్‌దుమ్’. ‘ఆమెకు ఫెరిహా అని పేరు పెట్టితిని’ అని దాని అర్థము. ఫెరిహా అనగా సంతోషము గలది. ఇది 2011 జనవరిలో ‘షో టీవీ’ అను చానెలులో ఆరంభమై 2012 వరకు వారమునకొకసారి వచ్చుచు 67 భాగములుగా సాగినది. ఫెరిహాగా హజాల్ కాయా, ఆమెను ప్రేమించిన ఎమీర్‌గా చాతాయ్ ఉలుసొయ్ నటించిరి. 2015లో జిందగీ చానెలు దీనిని హిందీ మాటలతో మన దేశములో ప్రసారము చేసినది.

టర్కీవారు ఇట్టి సీరియలును ‘దిజి’ అందురు. అక్కడ ఒక్కొక్క భాగము ఒక సినిమా అంత నిడివి గలది. ఇతర దేశములకు పంపునప్పుడు దానిని చిన్న చిన్న భాగములుగా కోయుదురు. 2008లో ‘గుముష్’ అను దిజి అరబ్బీ మాటలతో ‘నూర్’ అను పేరున అరబ్బు దేశములలో ప్రసారమై ఎంతో ప్రసిద్ధి చెందినది. అది మొదలు ఈ కథలు అనేక దేశములకు పోవుచున్నవి. జనులు వాటిని తమ ఇంటి కథలవలె చూచుటకు కారణము లేకపోలేదు. వాటిలో ఇద్దరు యువజనుల ప్రేమ ఒంటరిగా నడువదు. తల్లి, తండ్రి, అన్న, ఇరుగుపొరుగు అందరును అందులో తల దూర్చుదురు. ఇంటి పరువు ఒక ప్రక్కను, మనస్సు ఒక ప్రక్కను లాగును. ఇది మనము ఎరిగిన సంగతియే.

బైబిలు చదువరులకు టర్కీ క్రొత్త దేశము కాదు. పౌలు పుట్టిన తార్సు, క్రైస్తవులన్న పేరు పుట్టిన అంతియొకయ, ప్రకటన గ్రంథములోని ఏడు సంఘములు, అబ్రాహాము కొంతకాలము నివసించిన హారాను నేడు ఆ దేశపు ఎల్లలలోనే యున్నవి. హారానును గూర్చి ఈ పాఠములో మరల చెప్పవలసి వచ్చును.

2. నేలమాళిగలోని ఇల్లు

ఫెరిహా తండ్రి పేరు రిజా. ఇస్తాంబుల్ నగరములో ఎతిలేర్ అను సంపన్నుల పేట కలదు. అక్కడి యొక పెద్ద భవనమునకు అతడు కాపలాదారుడు. ఈ పనివానిని అక్కడివారు ‘కపిజి’ అందురు. తలుపు అను అర్థము గల మాటనుండి ఆ పేరు వచ్చినది.

1950ల నుండి అనతోలియా గ్రామములను విడిచి జనులు లక్షలుగా నగరములకు వలస వచ్చిరి. నగరములలో అంతస్తుల భవనములు లేచెను. ఒకే భవనములో ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్కరికి సొంతమగుటకు 1965లో చట్టము వచ్చినది. ఈ భవనములను కనిపెట్టుటకు కపిజిలు అవసరమైరి. గ్రామములనుండి వచ్చినవారే ఆ పనిలో కుదురుకొనిరి. కపిజి తెల్లవారగానే ప్రతి గుమ్మమునొద్ద రొట్టెయు వార్తాపత్రికయు ఉంచును. చెత్త తీసికొనిపోవును. మెట్లు తుడుచును. చలికాలములో క్రింది కొలిమిలో బొగ్గు వేసి పై ఇండ్లన్నిటిని వెచ్చగా నుంచును. 1990లలో ఇస్తాంబుల్ ఇండ్లకు సహజవాయువు గొట్టములు వచ్చువరకు ఈ బొగ్గు పని చాల పెద్దది. అతని కుటుంబము ఉండుటకు నేలమాళిగలో చిన్న ఇల్లు ఇచ్చుదురు. అతని భార్య తరచుగా పై ఇండ్లలో పాచిపని చేయును. ఫెరిహా తల్లి జెహ్రా చేయు పని అదియే.

హైదరాబాదులో అపార్టుమెంటు వాచ్‌మన్ పనికి పోయిన పాలమూరు కుటుంబములను ఎరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. సెల్లారు ప్రక్కన ఒక గది, వేకువనే మోటారు వేయుట, కార్లు కడుగుట, ఇల్లాలికి పై ఇండ్లలో అంట్లు, పిల్లలకు మెట్లమీద చదువు.

ఫెరిహా తెలివిగల పిల్ల. ధనవంతుల బిడ్డలు చదువు ఖరీదైన ప్రైవేటు విశ్వవిద్యాలయములో ఆమెకు పూర్తి ఉపకార వేతనముతో స్థానము దొరికెను. తల్లిదండ్రుల కష్టము ఫలించిన దినమది. అయితే ఆ దినమునుండియే ఆమె వారిని దాచుట మొదలుపెట్టెను. తోటివారి యెదుట తానును పెద్దింటి పిల్లనే అన్నట్లు నడచుకొనెను. ఎతిలేర్‌లో ఉన్నామని చెప్పుట నిజమే. ఏ అంతస్తులో అనునది మాత్రము చెప్పలేదు. ఎమీర్ ధనికుని కుమారుడు. అతడు ఆమెను ప్రేమించెను, ఆమెయు అతనిని ప్రేమించెను. కాని అతడు ప్రేమించిన పిల్ల సగము కల్పితమైన పిల్ల.

3. రెండు వైపుల అబద్ధము

ఈ కథలో మనము జాగ్రత్తగా చూడవలసిన సంగతి యొకటి యున్నది. ఫెరిహా ఒక అబద్ధము కాదు, రెండు అబద్ధములను మోయుచున్నది. కళాశాలలో తన ఇంటిని దాచుచున్నది. ఇంటిలో తన ప్రేమను దాచుచున్నది. మొదటిది సిగ్గువలన పుట్టినది. రెండవది భయమువలన పుట్టినది.

సిగ్గునకు కారణము లోకము. తలుపు తీయువాని కూతురు తమ ప్రక్కన కూర్చుండునని తెలిసినచో తోటివారు ఎట్లు చూతురో ఆమె చిన్ననాటినుండి ఆ భవనపు మెట్లమీదనే నేర్చుకొనినది. భయమునకు కారణము ఇల్లు. రిజా కూతురిని ప్రేమించు తండ్రియే, అయినను పరువు విషయములో కఠినుడు. అన్న మెహ్మెత్ తొందర కోపము గలవాడు. ఇంటివారికి తెలిసిన హలీల్ అను యువకుడు ఆమెను పెండ్లాడగోరుచున్నాడు. ఇట్టి ఇంటిలో ఒక పిల్ల వచ్చి, నాయనా, నేను ఒకనిని ప్రేమించుచున్నాను, అతనితో మన సంగతి అబద్ధము చెప్పితిని అని ఎట్లు చెప్పగలదు? తల్లి జెహ్రా మధ్యలో నలిగిపోవును. బిడ్డను కాపాడగోరును, భర్తకు కోపము రాకుండ చూడగోరును.

అబద్ధము ఒకసారి ఆడి విడిచిపెట్టునది కాదు. దానికి ప్రతి దినము మేత వేయవలెను. ఇంటికి దిగబెట్టెదనని ఒకడు చెప్పిన సాకు వెదకవలెను. మీ నాయన ఏమి చేయునని అడిగిన మాట మార్చవలెను. ఆ భవనములోనే నివసించు ఒక ధనిక కుటుంబపు కుమార్తెకు ఈ రహస్యము తెలియును. ఆమె నోరు ఎప్పుడు తెరచునో అని వణకవలెను. రహస్యము ఎరిగినవాడు మనకు యజమానుడగును. పేదరికములో తలయెత్తి నడువగలిగిన పిల్ల అబద్ధములో తలయెత్తలేకపోయెను.

నిజము బయటపడినప్పుడు ఎమీర్‌ను గాయపరచినది ఆమె పేదరికము కాదు. తాను నమ్మినది నిజము కాదని తెలియుట. ఇటు తండ్రిని గాయపరచినదియు రెండు విధములైనది. కూతురు తనకు చెప్పలేదనునది ఒకటి, తన పనిని చూచి సిగ్గుపడినదనునది మరియొకటి. ఈ రెండవ గాయము మానుట కష్టము. బిడ్డ చదువుకొరకే ఆ తండ్రి ఆ పనిలో వంగెను గదా.

కథ శుభముగా ముగియలేదు. ఫెరిహా మరణించినట్లు చూపి, 2012లోనే ‘ఎమీర్ దారి’ అను పేరుతో ఆమె లేని కథను కొద్ది భాగములు నడిపిరి.

4. ఇస్సాకు ఇల్లు

ఇప్పుడు ఆదికాండము 27వ అధ్యాయమునకు వచ్చెదము. అక్కడను వేరొకరి వేషము ధరించిన బిడ్డ యున్నాడు. తండ్రికి కన్నులు కనబడవు. తల్లి ఆలోచన చెప్పినది, వంట వండినది, అన్న వస్త్రములు తెచ్చి తమ్మునికి తొడిగినది, మేకపిల్లల చర్మములు అతని చేతులకు చుట్టినది. నీవెవరవని తండ్రి అడిగినప్పుడు యాకోబు అన్న పేరు చెప్పెను.

ఆ ఇంటిలో ప్రేమకు కొదువ లేదు. తండ్రికి పెద్దకుమారునిమీద ప్రేమ, తల్లికి చిన్నకుమారునిమీద ప్రేమ. అయితే ఆ ప్రేమ ఇద్దరిని ఒక చోట కూర్చుండబెట్టి మాటలాడించలేదు. రిబ్కా తన కుమారుని మేలుకొరకే చేయుచున్నాననుకొనెను. ఫలమేమి? కొద్ది దినములు దూరముగా ఉండుమని ఆమె యాకోబును హారానుకు పంపెను. ఆ కొద్ది దినములు ఇరువది సంవత్సరములాయెను. ఆమె తన కుమారుని మరల చూచినట్లు గ్రంథము ఎక్కడను చెప్పుట లేదు. హారానులో మామయగు లాబాను అతనిని మోసగించెను. ముసలితనములో సొంత కుమారులు యోసేపు అంగీని మేక రక్తములో ముంచి తెచ్చిరి. మేక చర్మముతో తండ్రిని మోసగించినవానికి మేక రక్తముతో మోసము కలిగెను. యోసేపు అమ్మబడిన నాటి వయస్సు, అతడు ఫరో యెదుట నిలిచిన నాటి వయస్సు, తరువాతి సమృద్ధి కరవుల యేండ్లు లెక్కించినచో ఆ కుమారులు తమ రహస్యమును సుమారు 22 సంవత్సరములు దాచిరని తెలియుచున్నది. అన్ని యేండ్లు వారు తండ్రితో ఒకే పాళెములో భోజనము చేసిరి. ఏడ్చుచున్న తండ్రిని ఓదార్చవచ్చినవారును వారే.

ఒకరినొకరు విడువక కట్టుబడియున్నారు గనుక వారిని నమ్మకమైన అన్నదమ్ములని అందుమా? పదిమంది ఒకే మాటమీద నిలిచిరి, ఒక్కడును నోరు జారలేదు. లోకము దీనినే కుటుంబ విధేయత అని మెచ్చుకొనును. అయితే ఆ విధేయతకు వెల చెల్లించినవారు ఇద్దరు: చెరసాలలో యోసేపు, గుడారములో యాకోబు.

యాకోబు కథ అక్కడ ఆగిపోలేదు. 32వ అధ్యాయములో యబ్బోకు రేవునొద్ద రాత్రి పెనుగులాటలో అతని పేరేమని మరల అడుగబడెను. మొదటిసారి అడిగినప్పుడు అన్న పేరు చెప్పినవాడు ఇప్పుడు తన పేరు తాను చెప్పెను. ఆ పేరులో మోసగాడన్న నింద కూడ ఇమిడియున్నది. అయినను చెప్పెను. ఆ తరువాతనే క్రొత్త పేరు కలిగెను, తెల్లవారినప్పుడు అన్నను ఎదుర్కొనుటకు కాళ్లు సాగెను. ఫెరిహా కథ పేరులోను తలిదండ్రులు పెట్టిన పేరే యున్నది. తనకు పెట్టిన పేరును, పెట్టినవారిని దాచక చెప్పగలుగుట మనుష్యునికి పెద్ద విడుదల.

5. మన ఇండ్లలో

ప్రియులారా, ఈ కథ దూరదేశపుదని విడిచిపెట్టవద్దు. మన గ్రామములనుండి అనేకమంది పిల్లలు పట్టణములకు చదువులకు పోవుచున్నారు. దరఖాస్తులో తండ్రి వృత్తి అను చోట వారు ఏమి వ్రాయుచున్నారు? కూలి అని వ్రాయుటకు చేయి ఆడక వ్యవసాయము అని వ్రాయువారున్నారు. తలపాగాతో హాస్టలుకు వచ్చిన తండ్రిని గేటునొద్దనే మాటలాడి పంపివేయువారున్నారు. వీరిని తిట్టుటకు ముందు వారిమీద పడుచున్న చూపులను తలంచుకొనవలెను.

పిల్లలకు మేము చెప్పునదేమనగా, మీ తలిదండ్రుల పని మీ చదువునకు పునాది. నజరేతువారు ప్రభువును వడ్లవాని కుమారుడని చులకనగా మాటలాడిరి. ఆయన తన యింటిని గూర్చి సిగ్గుపడలేదు. పౌలు ఎంత చదువుకొనినవాడైనను డేరాలు కుట్టుట దాచుకొనలేదు. నిజమును చెప్పినచో నిన్ను విడిచిపోవు స్నేహితుడు అబద్ధము బయటపడిన దినమున ఎట్లును నిలువడు. కనుక మొదటి దినమే చెప్పుట మంచిది. ఆ దినము బరువు తక్కువ.

తలిదండ్రులకు చెప్పునదేమనగా, మీ ఇంటిలో నిజము చెప్పిన బిడ్డకు ఏమి జరుగుచున్నదో చూచుకొనుడి. దెబ్బ తగులునని తెలిసిన బిడ్డ దాచుట నేర్చుకొనును. నీవు చెప్పినది నాకు నచ్చలేదు, అయినను చెప్పినందుకు సంతోషము అని ఒక్క మాట అనగలిగిన తండ్రియొద్దకు బిడ్డ మరల వచ్చును. పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు కూతురిని చివర అడుగుట కాక మొదట అడుగుడి. మీ పనిని గూర్చి మీరే చులకనగా మాటలాడవద్దు. మా బ్రతుకు ఇంతే, నీవు ఎవరికి చెప్పకుము అని బిడ్డకు సిగ్గు నేర్పువారు కొన్నిసార్లు మనమే.

సంఘమునకు చెప్పునదియు ఒకటి కలదు. పండుగ దినమున ముందు కుర్చీలు ఎవరికి వేయుచున్నాము? ఉద్యోగముగల కుమారుడు వచ్చినప్పుడు వానిని ముందుకు పిలిచి, వానిని చదివించిన తల్లిని గుమ్మమునొద్ద కూర్చుండనిచ్చుచున్నామా? అట్లయిన యెడల ఆ భవనపు మెట్లు మన దేవాలయములోను కట్టితిమి.

6. ఏ రహస్యమును కాపాడవలెను?

ఇంటి సంగతి ప్రతిదియు వీధిలో చెప్పవలెనని మా భావము కాదు. ఒకరు కన్నీటితో చెప్పుకొనిన బాధను, ఒకరి వ్యాధిని, తప్పు ఒప్పుకొని సరిచేసికొనిన బిడ్డ గతమును కాపాడుట ప్రేమ. అట్లు కాపాడనివానిని ఎవరును నమ్మరు.

రెండింటిని వేరుచేయుటకు ఒక ప్రశ్న వేసికొనవచ్చును: ఈ రహస్యమువలన ఎవరు కాపాడబడుచున్నారు, దీనికి వెల ఎవరు చెల్లించుచున్నారు? బలహీనుని కాపాడు రహస్యము మంచిది. బలవంతుని తప్పును కప్పి బలహీనునిచేత వెల చెల్లించునది చెడ్డది. దెబ్బలు తినుచున్న కోడలిని పరువుకొరకు నోరు మూసికొనుమనుట, కుమారుని త్రాగుడు అప్పులను దాచి పెండ్లి చేయుట, చిన్న బిడ్డకు ఇంటివారివలననే కలిగిన హానిని కప్పివేయుట, ఇవి విధేయత కావు. వీటిని నమ్మదగిన పెద్దకు చెప్పవలెను. అవసరమైన యెడల అధికారులకును చెప్పవలెను.

7. ఇట్టి కథలు చూచునప్పుడు

కథ అల్లువారికి రహస్యము ముడిసరుకు. ఫెరిహా మూడవ భాగములోనే నిజము చెప్పియుండినయెడల 67 భాగములు ఉండవు. ప్రతి భాగము చివరను ఎవరో ఒకరు తలుపునొద్ద నిలిచి విందురు. మాట సగములో ఆగును. చూచువారు వచ్చు వారమునకు కాచుకొందురు. కథకు ఇది అవసరము, ఇంటికి అవసరము లేదు. సగము మాట విని వారమంతయు అనుమానపడుట సీరియలులో రక్తి కట్టించును. కాపురములో అగ్గి పెట్టును. అందమైన ఇండ్లు, ఖరీదైన కార్లు, సముద్రపు ఒడ్డున సంగీతము చూచి ప్రేమ అనగా ఇదియేనని పిల్లలు అనుకొనకుండ, ప్రక్కన కూర్చుండి వారితో మాటలాడుడి. కథలోని కష్టజీవులను కూడ వారికి చూపించుడి. పై అంతస్తులవారు వెచ్చగా నిద్రించుటకు క్రింద బొగ్గు వేసినది ఎవరని అడుగుడి.

ఆలోచించి మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. ఫెరిహా రెండు అబద్ధములలో దేనికి ఆమెయే బాధ్యురాలు? దేనిలో ఇంటివారికి, లోకమునకు భాగము కలదు?
2. రిబ్కా, జెహ్రా ఇద్దరు తల్లులును బిడ్డల పక్షమున నిలిచిరి. తల్లి బిడ్డకు సహాయము చేయుటకును, బిడ్డ అబద్ధములో భాగము పొందుటకును ఎల్ల ఎక్కడ?
3. యోసేపు అన్నలలో ఒక్కడు ముందుగా తండ్రికి నిజము చెప్పియుండినయెడల ఏమి జరిగియుండును?
4. మన సంఘములో ఏ పని చేయువారు తమ పనిని చెప్పుకొనుటకు వెనుకాడుచున్నారు? వారిని అట్లు చేయుచున్నది ఎవరు?
5. మన ఇంటిలో ఇప్పుడు కాపాడబడుచున్న రహస్యమునకు ఎవరైనను వెల చెల్లించుచున్నారా?

ఈ మాసములో ఒక సాయంకాలము టెలివిజనును ఆపి, తండ్రియు తల్లియు తాము మొదట సంపాదించిన కూలి ఎంతయో, ఎవరి పొలములోనో, ఏ పనికో పిల్లలకు చెప్పవలెనని కోరుచున్నాము. పిల్లలు ప్రశ్నలు అడుగుదురు, అడుగనీయుడి. తరువాత పిల్లల వంతు. వారు ఏమి చెప్పినను ఆ రాత్రి కోపపడకుండుడి. పట్టణములోనున్న పిల్లలకు ఈ పాఠమును చదివి వినిపించుడి, లేక ఈ పత్రికను పంపుడి.